టీసీ రాసే ముందు

హనుమకొండ

అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండో తరగతి పిల్లవాడు మూడు వారాల్లో ఇద్దరిని కరిచాడు, ఒకరి మీదికి పలక విసిరాడు. తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి వచ్చి, వాడికి టీసీ ఇవ్వకపోతే తమ పిల్లల్ని ప్రైవేటు బడిలో వేస్తామన్నారు. అసలే పిల్లలు తగ్గిపోతున్న బడి, నువ్వేమో కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలివి. నీ భయం నాకు తెలుసు. అయినా టీసీ ఇవ్వకు. "పది రోజులు ఇంట్లోనే ఉంచుకోండి" అని కూడా అనకు.

ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసివేయకూడదని విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐదు, ఎనిమిది తరగతుల్లో మళ్లీ అదే తరగతి చదివించే వీలు 2019 సవరణతో రాష్ట్రాలకు వచ్చింది గాని, తీసివేయకూడదన్న మాట చెక్కుచెదరలేదు. అందులో సస్పెన్షన్ ప్రస్తావన లేదు కదా అని నీ తోటివాళ్లు అనవచ్చు. "మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం" అని తండ్రి చేత రాయించుకోమని కూడా అంటారు. హమాలీ పని చేసుకునే మనిషి నువ్వు ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తాడు. ఆ పాపం కట్టుకోకు తల్లీ.

చట్టం రాకముందు నేను ఆ తప్పు చేశాను. మూడో తరగతి పిల్లవాడు తోటివాణ్ణి కొరికితే వారం పాటు రావద్దని పంపేశాను. వారం గడిచినా వాడు రాలేదు. నేనూ కబురు పెట్టలేదు. క్లాసు ప్రశాంతంగా ఉంది, నాకు హాయిగానే అనిపించింది. మిర్చి సీజనులో పనిమీద ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే, వాడు తల్లి పక్కన కూర్చుని బస్తాల నుంచి రాలిన కాయలు ఏరుతున్నాడు. ఘాటుకు ముక్కు కారుతోంది. చేత్తో తుడుచుకోకుండా తల వంచి భుజానికి రాసుకున్నాడు. మిరపకాయలు పట్టిన చేయి ముఖానికి తగలకూడదని ఎనిమిదేళ్లకే తెలిసిపోయింది వాడికి. నన్ను చూసి లేచి నిలబడి "నమస్తే టీచర్" అన్నాడు. ఆ తర్వాత వాడు ఏ బడికీ వెళ్లలేదు.

రేపటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి పక్కన, దానికి ముందు ఏం జరిగింది, అన్నీ రాయి. తర్వాత పనిచేసిన బడిలో ఇలాగే రాస్తే, ఒక పిల్లవాడి గొడవలన్నీ పదకొండు దాటాకే జరుగుతున్నాయని తేలింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాడు. వంటమనిషి అన్నం దించగానే వాడికి ముందుగా నాలుగు ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. గొడవలు సగానికి సగం తగ్గాయి.

వెనక నిలబడి మెల్లగా పిలిచి చూడు, పలుకుతాడో లేదో. అనుమానం ఉంటే చెవులు, కళ్లు పరీక్ష చేయించు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వస్తే తండ్రికి ఒక రోజు కూలి పోతుంది, అందుకని నువ్వే వెంట వెళ్లు. మాటలో, నడతలో ఇంకేదైనా తేడా కనిపిస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో చూపించు.

కోపం వచ్చినప్పుడు వాణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకో, చల్లబడేదాకా ఏమీ చెప్పకు. ఎండలో నిలబెట్టడం, అందరి ముందూ తిట్టడం అసలే వద్దు. కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్ని కూడా 17వ సెక్షన్ నిషేధించింది.

కరిపించుకున్న పిల్ల సంగతి మరిచిపోకు. గాయం నువ్వే కడుగు, ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లు. టీసీ ఇవ్వాలని గట్టిగా అడుగుతున్నది ఆ ఇంటివాళ్లే కదా. వాళ్ల పిల్లను ఎక్కడ కూర్చోబెడతావో, భోజనాల వరుసలో ఎవరు కనిపెట్టుకుని ఉంటారో వివరంగా చెప్పు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి, చేయబోయేదంతా అక్కడ కూడా చెప్పు. పిల్లవాడి పేరు మాత్రం ఎత్తకు. ఒకరిద్దరు పిల్లల్ని తీసుకుపోతే పోనీ, ఆ మాట పైఅధికారులకు నేను వచ్చి చెబుతాను.

బతుకమ్మ సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తెచ్చుకో. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ