తిమింగలాల పాట ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి ఎలా పాకుతుంది?

ఒకదాని పాట ఇంకోటి విని నేర్చుకోవడం వల్లే. హంప్‌బ్యాక్ తిమింగలాల్లో పాడేది మగవే, ఒక ప్రాంతంలోని మగవన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి, అందులో ఒక మూలుగో కీచుమనే ముక్కో మారితే మిగతావీ అందుకుంటాయి కాబట్టి పాట ఏటా కాస్త కాస్త మారుతూ ఉంటుంది. వలస దారిలోనో మేత దొరికే చోటో వేరే గుంపు పాట చెవిన పడితే ఒక్కోసారి పాతది మొత్తానికే వదిలేస్తాయి, ఇది మాత్రం నిజంగా అద్భుతం. 1996లో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో రెండంటే రెండు మగవి పడమటి తీరం పాట పాడుతూ వినిపించాయి, 1998కల్లా అక్కడ అన్నిటిదీ అదే పాట! చాలామంది ఇది పుట్టుకతో వచ్చే కూత అనుకుంటారు, కానీ రెండేళ్లలో జన్యువులు మారిపోవు కదా, మారింది అవి నేర్చుకున్న పాటే.