ఊరియాకు ఒక్క వాక్యమేనా?

తమ్ముడికి,

వందనాలు. "వ్యభిచరింపకూడదు" అన్న ఆజ్ఞ, నిర్గమకాండం 20:14 మీద నువ్వు రాసి, ముందుమాట అడుగుతూ పంపిన వ్యాసం అందింది. రాత్రి చదివాను, తెల్లారాక మళ్ళీ చదివాను. గ్రాంథికం అరువు తెచ్చుకోకుండా శుభ్రమైన వాక్యాలు రాశావు, అది మంచిదే. ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. ఇశ్రాయేలు రాజు దావీదు కథకు నాలుగు పేజీలు తీసుకున్నావు. అందులో ఊరియా భార్య బత్షెబ స్నానానికి పేజీన్నర ఇచ్చావు. ఊరియాకు ఒక్క వాక్యం: "ఆమె భర్త యుద్ధంలో మరణించాడు."

మరణించలేదు తమ్ముడూ, దావీదు చంపించాడు. తనను చంపమని సేనాధిపతి యోవాబుకు రాజు రాసిన ఉత్తరాన్ని తన చేతులతోనే మోసుకెళ్ళాడు ఆ మనిషి. ఆయన్ని వదిలేసి వ్యభిచారం మీద వ్యాసం ఎలా రాయగలిగావు?

ప్రసంగాల్లో విన్నది పక్కన పెట్టి, 2 సమూయేలు 11వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదువు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. యోవాబూ సైన్యమూ అమ్మోనీయుల రబ్బా పట్టణాన్ని ముట్టడించి ఉన్నారు. రాజు మాత్రం యెరూషలేములో ఉండిపోయాడు. సాయంకాలం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతూ స్నానం చేస్తున్న స్త్రీని చూశాడు. ఎవరని అడిగించాడు. ఏలీయాము కూతురు, హిత్తీయుడైన ఊరియా భార్య అని జవాబు వచ్చింది. అది తెలిశాకే మనుషుల్ని పంపి పిలిపించుకున్నాడు. ఆమె వల వేసిందని, కావాలనే రాజు కంటపడేలా స్నానం చేసిందని నువ్వు రాసినదానికి అక్కడ ఒక్క ముక్క ఆధారం లేదు. అది మన పందిళ్ళలో తరతరాలుగా కల్పించి చెబుతూ వచ్చిన మాట. అధ్యాయం మొత్తంలో ఆమె చెప్పి పంపిన కబురు ఒక్కటే, తాను గర్భవతినని. తప్పెవరిదో ఆ కథ రాసినవాడికి సందేహం లేదు. దావీదు చేసిన పని యెహోవా దృష్టికి చెడ్డదిగా ఉందని రాసి అధ్యాయం ముగించాడు.

ఇప్పుడు ఊరియాను చూడు. ఆ గర్భం ఊరియాదే అనిపించాలని రాజు అతన్ని యుద్ధం నుంచి పిలిపించి, యోవాబు ఎలా ఉన్నాడు, పోరు ఎలా సాగుతోంది అని కుశలం అడిగాడు. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కోమన్నాడు, వెనకాలే కానుక పంపాడు. ఊరియా ఇంటికి పోలేదు. రాజనగరు ద్వారం దగ్గర సేవకులతో కలిసి పడుకున్నాడు. దేవుని మందసం (ఒడంబడిక పెట్టె) గుడారంలో ఉంటే, నా తోటివాళ్ళు బయట నేల మీద ఉంటే, నేను ఇంటికి పోయి తిని తాగి భార్యతో పడుకుంటానా అన్నాడు. మరునాడు రాజు అతనికి మత్తెక్కేదాకా తాగించాడు. అప్పుడూ పోలేదు. అతను ఇశ్రాయేలీయుడు కూడా కాదు. పరాయి జాతివాడు తన తోటి సైనికుల పట్ల అంత నమ్మకంగా ఉన్నాడు, దేవుడు అభిషేకించిన రాజేమో ఆ నమ్మకాన్నే వాడుకుని అతన్ని చావుకు పంపాడు. నమ్మకత్వం అంటే ఏమిటో చూపించడానికి నీకు ఇంతకన్నా మనిషి ఎక్కడ దొరుకుతాడు? అదే గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల జాబితా ఉంది. ముప్పై ఏడుగురని లెక్క చెప్పే ముందు కనిపించే చివరి పేరు ఊరియాదే.

బైబిలు ఆ పేరును మరిచిపోనివ్వదు. తప్పు నిలదీయడానికి వచ్చిన ప్రవక్త నాతాను, దావీదుతో "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక ఊరియా పేరు రెండుసార్లు ఎత్తాడు. 1 రాజులు 15:5లో, దావీదు బ్రతికినన్నాళ్ళూ యథార్థంగా నడిచాడని చెబుతూ హిత్తీయుడైన ఊరియా సంగతి ఒక్కటి మినహాయించారు. చూశావా, దాన్ని బత్షెబ సంగతి అనలేదు. దాదాపు వెయ్యేళ్ళ తర్వాత మత్తయి యేసు వంశావళి రాస్తూ సొలొమోను తల్లిని ఇంకా ఊరియా భార్య అనే అన్నాడు.

వ్యభిచారం గురించి రాసేవాడు మోసపోయిన మనిషి పక్కన నిలబడి రాయాలి. ఇది నా పట్టుదల, ఎవరెన్ని చెప్పినా మార్చుకోలేదు. శరీరం మురికిదని బైబిలు ఈ ఆజ్ఞ ఇచ్చిందని నువ్వు రెండుచోట్ల రాశావు. పరమగీతం లాంటి ప్రేమపాట ఉన్న గ్రంథం తమ్ముడూ అది. సామెతలు 5వ అధ్యాయం యౌవనకాలపు భార్య ప్రేమలో మత్తుగా ఉండమని చెబుతుంది. అడ్డు చెప్పింది ద్రోహానికి. యోసేపును చూడు, ఆదికాండం 39. తనను పిలిచిన యజమాని పోతీఫరు భార్యకు ఏమని జవాబిచ్చాడు? నా యజమాని ఇల్లంతా నా చేతికి అప్పగించాడు, నిన్ను తప్ప దేన్నీ నాకు అడ్డగించలేదు, నువ్వు ఆయన భార్యవు అన్నాడు. ఆ తర్వాతే దేవునికి విరోధంగా పాపం ఎలా చేస్తానన్నాడు. ఆ సమయంలో ఎదురుగా లేని మనిషి కూడా యోసేపు కళ్ళముందే ఉన్నాడు. నువ్వేమో 51వ కీర్తన చూపించి ఈ పాపం దేవునికి మాత్రమే విరోధం అని తేల్చేశావు. అది నాతాను వచ్చి వెళ్ళాక కుమిలిపోతున్న దావీదు ప్రార్థన. దాన్ని పట్టుకుని ఊరియాకు జరిగిన అన్యాయాన్ని కొట్టేయడానికి లేదు. నాతాను కొట్టేయలేదు.

ఈ పట్టుదల వల్ల నాకు దొరకాల్సిన అచ్చు చాలాకాలం దొరకలేదు. టీచరు ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కథ రాశాను. భర్త పక్క ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకుంటే, రోజూ రాత్రి అన్నం వండి మూతపెట్టి కూర్చునే ఆడమనిషి కథ. ఒక వారపత్రికకు పంపితే, ఆ రెండో ఆమె వైపు నుంచి తిరగరాయండి, గాఢత వస్తుంది, భార్య ఏడుపు పాతబడిపోయింది అని ఎడిటర్ కార్డు రాశాడు. అప్పటి ఫ్యాషన్ అది. ఇప్పటికీ పోలేదు. ఇద్దరు ప్రేమికుల వేదన రాస్తే సాహసం, ఇంట్లో మిగిలిపోయిన మనిషి వేదన రాస్తే ఛాందసం. సరేనని ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. వాళ్ళు చివర్లో ఆ భర్త ఉజ్జీవ కూటంలో మోకరించి మారుమనస్సు పొందినట్టు రాయమన్నారు, కొన్ని వచనాలు కలపమన్నారు. అతను మారితే సంతోషమే, మరి ఆమెకు జరిగినదాని సంగతేమిటని అడుగుతూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. కథ చాలా ఏళ్ళు ట్రంకుపెట్టెలో పడి ఉంది. చివరికి ఒక చిన్న పత్రిక వేసింది. పైసా ఇవ్వలేదు, ఒక్క అక్షరమూ మార్చలేదు. ఆ పత్రికవాళ్ళను ఇప్పటికీ తలుచుకుంటాను.

మా నాన్న సంఘపెద్ద. మా చర్చిలో ప్రమాణాలు అయ్యాక బల్ల మీద రిజిస్టరు పెట్టి, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, సాక్షులు సంతకాలు చేసేవారు. చాలా పెళ్ళిళ్ళకు సాక్షి మా నాన్నే. ఆ జంటల్లో ఒకతను భార్యను వదిలి ఇంకొకామె దగ్గర చేరినప్పుడు, నాన్న వాళ్ళింటికి వెళ్ళి గట్టిగా గొడవపడి వచ్చాడు. మధ్యలో నీకెందుకని అమ్మ అడిగితే, నేను సంతకం పెట్టాను అన్నాడు. మలాకీ 2:14 నాకు ఒంటబట్టింది అప్పుడే. అక్కడ జనం బలిపీఠాన్ని కన్నీళ్ళతో తడుపుతూ, మా కానుకలు దేవుడు ఎందుకు అంగీకరించడని అడుగుతున్నారు. నీకూ, నువ్వు ద్రోహం చేసిన నీ యౌవనకాలపు భార్యకూ మధ్య యెహోవా సాక్షి అని ప్రవక్త చెప్పాడు. పెళ్ళిలో సాక్షిగా ఉన్నవాడు తర్వాత నాకేం పట్టిందని ఊరుకోడు, అన్యాయమైపోయినవాళ్ళ పక్షాన లేస్తాడు. దేవుడు ఎందుకు నిషేధించాడు అని నువ్వు శీర్షికలో అడిగినదానికి జవాబు అక్కడుంది. దాన్ని నువ్వు మూడో పేజీలో బ్రాకెట్లో పడేశావు.

ఇంకొక చోట కోపం వచ్చింది. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 497వ సెక్షన్ కొట్టేసింది కాబట్టి దేశం, పాపానికి నాశనమైన సొదొమ పట్టణంలా అయిపోయిందని రాశావు. ఆ సెక్షన్ ఏం చెప్పిందో చదివావా? ఆ స్త్రీ భర్త సమ్మతి ఉంటే అది నేరమే కాదు. మోసపోయిన భార్యకు తన భర్త మీద గానీ, అతనితో ఉన్న స్త్రీ మీద గానీ కేసు పెట్టే వీలు లేదు. భార్యను భర్త సొత్తుగా చూసిన 1860 నాటి చట్టం అది. వ్యభిచారం విడాకులకు ఇప్పటికీ కారణమే. ఆ సెక్షన్‌ను తెచ్చి బైబిలుకు జోడించకు. లేవీయకాండం 20:10 మగవాడికీ ఆడదానికీ ఒకే శిక్ష చెప్పింది. పాత నిబంధన కాలంలో మగవాడికి ఎక్కువమంది భార్యలు చెల్లేవారు, దావీదుకూ ఉన్నారు. అది దాచి రాయకు, చదివేవాడికి తెలుసు. కానీ మార్కు 10:11కి రా. భార్యను విడిచి మరొకరిని పెళ్ళాడేవాడు ఆ భార్యకే విరోధంగా వ్యభిచరిస్తున్నాడని యేసు అన్నాడు. అన్యాయం జరిగింది ఆమెకు అని తేల్చి చెప్పాడు. 1 కొరింథీయులు 7:4లో పౌలు, భర్త శరీరం మీద అధికారం భార్యది అని రాశాడు. బానిస స్త్రీని యజమాని వాడుకుంటే ఎవరూ తప్పుపట్టని రోమా లోకంలో, కొరింథు సంఘంలో కూర్చుని ఆ ఉత్తరం విన్న గృహస్థుడికి ఎలా ఉండి ఉంటుంది? పక్కనే కూర్చున్న అతని భార్యకు ఎలా ఉండి ఉంటుంది? నువ్వు రాయాల్సింది ఇది. సొదొమ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

స్నానం పేజీన్నర తీసెయ్. ఊరియా రాజనగరు ద్వారం దగ్గర పడుకున్న ఆ రాత్రి అక్కడ పెట్టు. 11:26 కూడా చూసుకో, భర్త చనిపోయాడని విని బత్షెబ ఏడ్చిందని ఉంది. ఆ ఏడుపు నీ వ్యాసంలో ఎక్కడా లేదు, ఆమెనూ చూడకుండానే రాశావు. చివర్లో యువతకు ఇచ్చిన సలహాల పట్టిక పూర్తిగా కొట్టెయ్. మార్చిన ప్రతిని ఈస్టరులోగా పంపితే చదువుతాను. ముందుమాట సంగతి అప్పుడు మాట్లాడదాం.

అక్కయ్య