సముద్రం పక్కన వసంతం మొదట్లో నడక: అలారం పెట్టుకుంటే కుదరదు

మీరు అడిగింది ఇదీ: చలికాలం చివర్లో సముద్రం పక్కన ఇంటికి మారారు, వసంతం మొదలవుతోంది, రోజూ తీరం వెంట నడవాలని ఉంది. ఏ టైమ్ మంచిది, ఏం చూసుకోవాలి, కుక్కని తీసుకెళ్ళొచ్చా, అసలు అక్కడ రోజులెలా గడుస్తాయి అని. నేను నీళ్ళకి ఐదు నిమిషాల నడక దూరంలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ముందు టైమ్ సంగతి చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే.

వచ్చిన కొత్తలో పొద్దున ఆరింటికి అలారం, ఆరుంపావుకల్లా తీరం మీద ఉండేవాణ్ణి. అంతకుముందు పార్కులో నడిచిన అలవాటు. మొదటి రెండు రోజులూ అద్భుతం. నీళ్ళు ఎక్కడో దూరంగా, మధ్యలో సిమెంటు రోడ్డులాంటి తడి ఇసుక. వారం తిరిగేసరికి అదే ఆరుంపావుకి వెళ్తే కాలు పెట్టడానికి చోటు లేదు, అలలొచ్చి నేరుగా రాళ్ళ కట్టని కొడుతున్నాయి. వింతేమీ లేదు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకి ఇంచుమించు ఆరు గంటలు జరుగుతుంది. అంటే పోయిన వారం ఆటు ఉన్న టైముకి ఈ వారం నిండు పోటు. చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. కొన్ని చోట్ల రోజుకి ఒకటే పోటు, కొన్ని మూసుకుపోయిన సముద్రాల్లో తేడా కంటికి కూడా ఆనదు. కాబట్టి మీ తీరానిది ఏ రకమో ముందు తెలుసుకోండి. పోటు వేళల పట్టిక ఫోన్‌లోనే దొరుకుతుంది.

ఇది తెలిశాక కూడా ఒకసారి ఇరుక్కున్నాను. పోటు అప్పుడే మొదలైంది. రాళ్ళు నీళ్ళలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోటు దాటి అవతలి ఇసుక మీదకి వెళ్ళాను. గంటసేపు చూస్తే నీళ్ళు పెద్దగా కదల్లేదు. ఇంకా టైముందిలే అని కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి ఆ ముక్కు దగ్గర మోకాళ్ళ పైదాకా నీళ్ళు. బూట్లు మెళ్ళో వేసుకుని, ఫోన్ నెత్తి మీద పట్టుకుని, రాయి రాయీ తడుముకుంటూ బయటపడ్డాను. తర్వాత తెలిసింది, పోటు నిండడానికి పట్టే ఆరు గంటలూ నీళ్ళు ఒకే వేగంతో ఎక్కవట. మొదటి గంటలో కొంచెమే, మూడో గంటా నాలుగో గంటా కలిపి మొత్తం ఎత్తులో సగం. మనం నిశ్చింతగా కూర్చునేది సరిగ్గా అది పరుగందుకునే ముందు.

పక్కింటి పెద్దాయన, ముప్ఫై ఏళ్ళు పడవ నడిపిన మనిషి, నా తడిసిన ప్యాంటు చూసి నవ్వలేదు. "గడియారం ఇంట్లో పెట్టి రా బాబూ, నీళ్ళకి నీ ఆఫీసు టైమింగులు తెలీవు" అన్నారంతే. అప్పట్నుంచి ఆటుకి రెండు గంటల ముందు బయల్దేరుతున్నాను. నీళ్ళు దిగుతుండగా వెళ్ళి, ఎక్కడం మొదలయ్యేసరికి వెనక్కి తిరుగుతాను. ఆ వేళ ఒక్కోరోజు పొద్దున పడుతుంది, ఒక్కోరోజు మధ్యాహ్నం మూడింటికి. భోజనం, బట్టలు ఉతకడం, ఫోన్లు అన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

వసంతం మొదట్లో ఇంకో విశేషం ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తర్వాత పోట్లు పెద్దవిగా ఉంటాయని వినే ఉంటారు. మార్చి 20 అటూ ఇటూగా, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో వచ్చేవి ఏడాదిలోకెల్లా పెద్దవాటిలో ఉంటాయి. కట్ట మీద నడిచేవాళ్ళకి అప్పుడు జాగ్రత్త అవసరం. కానీ పోటు ఎంత పైకొస్తే ఆటు అంత లోపలికి పోతుంది. మామూలు రోజుల్లో నీళ్ళ కిందుండే రాళ్ళు, నాచు, గుంటల్లో చిక్కుకున్న చిన్న పీతలు అప్పుడే కనిపిస్తాయి. నేను సెలవు పెట్టేది ఆ రెండు మూడు రోజులే.

ఇక మీరు వెళ్ళగానే "ఇదేంటి, ఇసుకే లేదు, అన్నీ రాళ్ళే" అనిపించొచ్చు. నాకూ అనిపించి, తీరం పాడైపోయిందని తెగ బాధపడ్డాను. చలికాలం తుఫాన్లుండే తీరాల్లో ఇది మామూలే. పెద్ద అలలు ఇసుకని లాక్కెళ్ళి కాస్త లోపల, నీళ్ళ కింద దిబ్బగా పోస్తాయి. వాతావరణం నెమ్మదించాక చిన్న అలలు దాన్నే మళ్ళీ ఒడ్డుకి తోస్తాయి. మా దగ్గర కట్టకి మెట్లున్నాయి. మార్చి మొదట్లో పదకొండు మెట్లు లెక్కపెట్టాను. మే చివరికి ఏడే కనిపించాయి, మిగతా నాలుగూ ఇసుక కింద. ఇప్పుడు ప్రతి ఏడూ లెక్కపెడతాను, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

తడి ఇసుక మీద నడిచేటప్పుడు ఒకసారి ఆగి పాదం చుట్టూ చూడండి. అడుగు వేయగానే చుట్టూ ఇసుక తెల్లబడి పొడిగా అయిపోతుంది. కాలి బరువుకి నీళ్ళు బయటికి రావాలి కదా, లోపలికి ఎందుకు పోతున్నాయని చాలా రోజులు ఆలోచించాను. ఒత్తుకుని ఉన్న ఇసుక రేణువుల మీద బరువు పడితే అవి ఒకదాని మీంచి ఒకటి జరుగుతాయి, వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీళ్ళు అందులోకి దిగుతాయి. ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1885లోనే దీన్ని వివరించాడు. కాలు తీయగానే ఆ చోటు చెమ్మగిల్లి మెరుస్తుంది. ఈ పిచ్చి ఆట వల్ల నా నడక అరగంట ఎక్కువ పడుతుంది.

బట్టల విషయంలో ఇంటి దగ్గరి ఎండని నమ్మొద్దు. ఈ నెలల్లో నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటాయి. ఆ తేడా వల్లే మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. పెరట్లో చెమటలు, తీరం మీద వణుకు. కొన్ని రోజులు వెచ్చటి గాలి చల్లటి నీళ్ళ మీదుగా వచ్చి పొగమంచై కూర్చుంటుంది, పది నిమిషాల్లో వెనకున్న మెట్లు కనపడవు. పల్చటి గాలికోటు ఒకటి నడుముకి కట్టుకోండి. ఎండ చూసి ఈతకి దిగకండి, ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చేస్తాం.

ఇంట్లో జీవితం అంటారా, సగం ఉప్పుతో పోట్లాటే. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అలల నురగలో బుడగలు పగిలినప్పుడు అది గాలిలోకి లేచి మన కిటికీల దాకా వస్తుంది. అద్దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు మంచినీళ్ళు పోసి కడగాలి. గాలిలో తేమ పెరిగితే ఉప్పు దాన్ని పీల్చుకుంటుంది, అందుకే ఎండలో ఆరేసిన చొక్కా సాయంత్రానికి మళ్ళీ చెమ్మగా తగులుతుంది. నా మొదటి సైకిల్ గొలుసు ఒక్క చలికాలానికే ఎర్రగా బిగుసుకుపోయింది. గడియలకీ తాళాలకీ నెలకోసారి నూనె వేయడం అలవాటు చేసుకోండి. వసంతం రాగానే వీధంతా పెయింటు వాసన. గేట్లు, గ్రిల్స్, పడవలు అన్నీ గీకి రంగు వేస్తుంటారు. ఇరుగుపొరుగుతో పరిచయం కావాలంటే ఇదే సీజన్, ఒక బ్రష్ పట్టుకుని మీ గేటు దగ్గర నిలబడితే చాలు, సలహా ఇవ్వకుండా ఎవరూ దాటిపోరు.

కుక్క సంగతి. తీసుకెళ్ళండి, కానీ ఈ కాలంలో పొడి ఇసుక వైపు మాత్రం గొలుసు వదలొద్దు. తీరం వెంట తిరిగే ఉల్లంకి పిట్టల్లాంటివి కొన్ని గూడు కట్టకుండా ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడతాయి. అవి గులకరాళ్ళలో కలిసిపోతాయి. ఒకసారి నా ముందు ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయింది. అయ్యో అని వెనకే వెళ్ళాను. ఇరవై అడుగులు పోయాక చక్కగా ఎగిరిపోయింది. నన్ను గుడ్ల దగ్గర్నుంచి తప్పించడానికట ఆ నాటకమంతా. మీ కుక్కకి అలాంటి పిట్ట ఎదురైతే వచ్చిన దారినే నాలుగడుగులు వెనక్కి వేసి, తడి ఇసుక మీదికి దిగిపోండి.