‘నా కళ్లు చూస్తే తెలీదేటి?’

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూస్తాను. రెండేళ్ల కిందట విశాఖలో డాక్టర్లు నాకు ఆటిజం ఉందని తేల్చారు. ఆ సంగతి చెప్పే పెళ్లి చేసుకున్నాను. పెళ్లయి ఎనిమిది నెలలు. మా ఆవిడ మనసులో ఏముందో నాకు అందడం లేదు. మొన్న కన్నవారింటికి వెళ్లింది. నాలుగు రోజులుంటానన్న మనిషి రెండో రోజే వచ్చేసింది. బ్యాగు గుమ్మం దగ్గర వదిలేసి మంచమ్మీద కూర్చుంది. ఏమైందంటే ‘ఏటీ లేదు’ అంది. సరే అనుకుని క్రికెట్ చూశాను. రాత్రి అన్నం తినలేదు. పడుకోబోయే ముందు ఏడ్చి, ‘నా కళ్లు చూస్తే తెలీదేటి?’ అంది. అప్పట్నుంచి ఫోన్లో కళ్ల ఫొటోలు చూసి భావం గుర్తుపట్టే పరీక్షలు రోజూ రాస్తున్నాను. మార్కులు పెరుగుతున్నాయి, ఇంట్లో మాత్రం ఉపయోగం కనబడటం లేదు. ఆమె కళ్లలోకి చూస్తే నాకు చెమటలు పడతాయి. ఏం చెబుతోందో చెవికెక్కదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫొటోల పరీక్ష ఆపేయండి. ఆ రోజు మీరు పట్టుకోలేకపోయింది కళ్లలో లేదు. మీ ఉత్తరంలోనే ఉంది, మీరే రాశారు. నాలుగు రోజులన్నది రెండుకే తిరిగొచ్చింది. బ్యాగు గుమ్మం దగ్గరే వదిలేసింది. ఒక్క ముక్కలో జవాబిచ్చింది. అన్నం మానేసింది. ఈ నాలుగింటికీ ఆమె కళ్లతో పని లేదు. ఆటిజం లేనివాళ్లు ఇలాంటివన్నీ ఒక్క చూపులో పోగేసుకుని, ‘కళ్లు చూడగానే తెలిసిపోయింది’ అంటారు. నిజంగా ముఖమంతా కప్పి కళ్ల పట్టీ ఒక్కటే చూపిస్తే వాళ్లూ తప్పులు చెబుతారు. మీ ఆవిడ అడిగినది కూడా ఆ నాలుగింటి గురించే. మాట మాత్రం ‘కళ్లు’ అని వచ్చింది, మన ఇళ్లలో అలాగే అంటారు కాబట్టి.

ఫోన్లలో తిరిగే ఈ పరీక్షల్లో పేరున్నది కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 1997లో తెచ్చి, 2001లో మార్చినది. 36 ఫొటోలు, ఒక్కోదాని పక్కన నాలుగు మాటలు, ఒకటి ఎంచుకోవాలి. పరిశోధనలో మనుషుల మధ్య తేడా కొలవడానికి తయారైన కొలబద్ద అది, సాధన పుస్తకం కాదు. ఫొటో కదలదు, మాట్లాడదు, దానికి నిన్న జరిగిందంటూ ఏదీ ఉండదు. పైగా జవాబు నాలుగింట్లో ఎక్కడో ఉందని ముందే తెలుసు. మీ ఆవిడ నాలుగు ఆప్షన్లు ఇవ్వదు కదా. మాటల అర్థాలు బాగా తెలిసినవాళ్లకు ఆ పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తాయన్న విమర్శ కూడా ఉంది. మళ్లీ మళ్లీ రాస్తే మార్కులు పెరుగుతాయి, ఎందుకంటే అవే ఫొటోలు గుర్తుండిపోతాయి.

గ్రేడింగ్ మీకెలా వచ్చిందో గుర్తు చేసుకోండి. 240 గ్రేడు అంటే పౌను బరువుకు (దాదాపు 454 గ్రాములు) 220 నుంచి 240 పప్పులు, 320 అంటే 300 నుంచి 320. ఈ లెక్క కాగితం మీద చదివినంత మాత్రాన చేతికి రాదు. పక్కన నమూనా పెట్టుకుని వేల పప్పులు వేళ్ల మధ్య తిప్పారు. తప్పు ట్రేలో వేసిన క్షణంలోనే పెద్దవాళ్లు తీసి చూపించారు. అప్పుడే దిద్దడం వల్ల కన్ను నేర్చుకుంది. మనుషుల విషయంలోనూ అంతే. లోకంలో ఉన్న ముఖాలన్నీ చదవనక్కర్లేదు. ఒక్క మనిషిని నేర్చుకోండి, తప్పు పోయినప్పుడు ఆమెనే వెంటనే దిద్దమనండి.

చెమటల సంగతి. ఆటిజం ఉన్న చాలామందికి ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూడటం భరించరాని ఒత్తిడి. బలవంతంగా చూస్తే ధ్యాసంతా చూపు నిలబెట్టడానికే పోతుంది, వినడానికి మిగలదు. మీకు జరిగేది అదే. కళ్లు మానేసి కనుబొమల మధ్యో, నోటి దగ్గరో చూడండి. మూడు నాలుగు అడుగుల దూరంలో తేడా ఎదుటివారికి సాధారణంగా తెలియదు. దానికన్నా మంచిది, ముఖ్యమైన మాటలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం. అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తూనో, సాయంత్రం నడుస్తూనో. ఒక్కమాట ఆమెకు ముందే చెప్పి ఉంచండి: ‘నేను గోడ వైపు చూస్తున్నానంటే నీ మాట వింటున్నానని.’

ముఖంలో ఏమీ ఉండదని కాదు. మనసారా నవ్వితే చెంపలు పైకి లేచి, కింది రెప్ప కింద చిన్న మడత పడుతుందని డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే రాశాడు. దిగులులో కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి. చిక్కంతా ఎక్కడంటే, ఒకే గుర్తుకు కారణాలు నాలుగైదు. కనుబొమలు దగ్గరికి ముడిపడ్డాయంటే కోపం కావచ్చు, తలనొప్పి కావచ్చు, మిట్టమధ్యాహ్నపు ఎండ కావచ్చు, ఫోన్లో చిన్న అక్షరాలు ఆనకపోవడం కావచ్చు. ఎర్రబడ్డ కళ్లకు ఉల్లిపాయ చాలు. ముడి కనబడగానే ‘నా మీద కోపం’ అనేసుకోవడం పొరపాటు. ముఖం చూసి తీర్పు చెప్పకండి, ఇంకేమైనా మారిందా అని వెతకండి.

ఏం మారిందో తెలియాలంటే మామూలు ఎలా ఉంటుందో తెలియాలి. అందుకో చిన్న నోటుబుక్కు పెట్టండి. మొదటి రెండు వారాలు గొడవల జోలికి పోకుండా మామూలు రోజులే రాయండి, రోజుకు ఐదు నిమిషాలు మించకుండా. పొద్దున్న ఎన్నింటికి లేస్తుంది, ఎంత తింటుంది, వంటింట్లో కూనిరాగం తీస్తుందా, అమ్మకు రోజూ ఫోన్ చేస్తుందా, మీరు అడిగినదానికి ఎన్ని మాటల్లో బదులిస్తుంది, గిన్నెలు పెట్టే చప్పుడెంత. మూడో వారం నుంచి తేడా కనిపించిన రోజు నాలుగు సంగతులు రాయండి: ఏం చూశాను లేదా విన్నాను, అంతకు ముందు ఏం జరిగింది, నేనేమనుకున్నాను, అడిగితే ఆమె ఏమంది. నాలుగోదే అసలైనది, అది లేకపోతే దిద్దుబాటు లేదు. నెల తిరిగేసరికి ఆమె విషయంలో నమ్మదగ్గ గుర్తులు రెండో మూడో తేలతాయి. కొందరిలో ముఖం కన్నా గొంతూ, మాట పొడవూ ముందు మారవచ్చు.

ఈ పుస్తకం ఆమెకు తెలిసే ఉండాలి. దాచి రాస్తే నిఘా అవుతుంది. గొడవ మధ్యలో ‘ఫలానా తేదీన నువ్వేమన్నావో చూడు’ అని తీశారా, ఇక అంతే సంగతులు.

ఇక ‘ఏటీ లేదు’. మన జిల్లాలో ఈ మాటకు కనీసం మూడు అర్థాలు. నిజంగా ఏమీ లేదు. ఉంది గానీ ఇప్పుడు కాదు. ఉంది, ఇంకోసారి అడుగు. మాట ఒక్కటే వింటే తేల్చలేరు. మామూలుకు తేడాగా రెండు సంగతులు కలిశాయంటే మొదటి అర్థం వదిలేయండి. అప్పుడు ‘కోపమా? బాధా?’ అని వరసగా ప్రశ్నలు వేయకండి, పోలీసు విచారణలా ఉంటుంది. కనిపించింది చెప్పి, ఏం కావాలో అడగండి: ‘నువ్వు బేగి వచ్చేశావు, అన్నం కూడా తినలేదు. నేను పక్కన కూర్చోనా, కాసేపు ఒంటరిగా వదిలేయనా?’ ఒక్కసారే. ఒంటరిగా అంటే అరగంట ఆగి మంచినీళ్లు పట్టుకెళ్లండి, మళ్లీ ఒక్కసారి అడగండి. పది నిమిషాలకోసారి ‘ఇప్పుడు బాగానే ఉన్నావా’ అంటే, లేని కోపం కూడా వస్తుంది.

నోరు తెరవాలనిపించని రోజుకు ఒక గుర్తు పెట్టుకోవచ్చు. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంటే ‘ఇవాళ మనసు బాగోలేదు, తర్వాత చెబుతాను’ అని. మీ అమ్మగారి ముందు పైకి చెప్పలేనివి ఉంటాయి కదా, కొత్తకోడలికి మరీనూ. అలాంటప్పుడు గ్లాసు పనికొస్తుంది. మీరూ వాడుకోండి.

మీ సంగతీ చూసుకోవాలి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి తమ భావాలు తామే పోల్చుకుని పేరు పెట్టడం కష్టం. తన కోపం తనకు తెలియనివారికి ఎదుటివారి కోపం ఇంకా దూరం. రోజుకు మూడుసార్లు, ఒక్కో నిమిషం, ఒంటిని గమనించండి. దవడ బిగిసిందా, భుజాలు పైకెక్కాయా, కడుపులో ఎలా ఉంది. పేరు తోచకపోతే ‘కడుపులో బిగుతు’ అని రాసినా చాలు. చుట్టాలతో నిండిన పెళ్లింట్లో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం లాంటి జనంలో మాత్రం ఎవరి మనసూ చదవబోకండి. అక్కడ చప్పుడు తట్టుకోవడమే పెద్ద పని.

అమ్మా, ఇది మీరు కూడా చదువుతారనుకుని రెండు మాటలు. ఆయన ముఖంలో భావం కనబడకపోతే లోపల లేదని కాదు. ఆటిజం ఉన్నవారు ఇతరులను తప్పుగా అర్థం చేసుకున్నట్టే, ఇతరులూ వారిని తప్పుగా అర్థం చేసుకుంటారని డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2012లో రాశాడు. ఆ మిల్టన్‌కూ ఆటిజం ఉంది. ‘నువ్వే కనిపెట్టు’ అనే పరీక్ష మీ ఆయనకు పెట్టకండి. ఏం జరిగింది, మీకేం కావాలి, ఎప్పటికి కావాలి, ఈ మూడూ చెప్పండి. అడిగి చేయించుకుంటే ప్రేమ తగ్గినట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ చెప్పింది గుర్తుపెట్టుకుని చేసే మనిషి మీకు దొరికాడు, అది చిన్న సంగతి కాదు.

భావాలు చదవడానికి మందులు లేవు. ఆటిజం మూడు నెలల్లో పోగొడతామనేవారికి డబ్బు కట్టకండి. కలిసి కూర్చోబెట్టి మాట్లాడించే క్లినికల్ సైకాలజిస్టు దొరికితే ఇద్దరూ వెళ్లండి. ఇద్దరిలో ఎవరికైనా దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ కన్నవారింట్లో ఏం జరిగి రెండో రోజే వచ్చేసిందో అందులో ఎక్కడా లేదు. ఇవాళ సాయంత్రం పక్కన కూర్చుని, అది అడగండి.