మారథాన్ డ్రాలో పేరు రాలేదు... కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. సరిహద్దు దాటి పాతపట్నంలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల మాస్టారిగా పనిచేస్తున్నాను. తెల్లవారుజామున పరుగెత్తడం చాలాకాలంగా అలవాటు. ఒక మహానగరంలో జరిగే పేరున్న మారథాన్‌కు ఏటా దరఖాస్తు చేస్తున్నాను, ఏటా డ్రాలో నా పేరు రావడం లేదు. ఈసారి దరఖాస్తుతో పాటు రూ.2,800 కట్టించుకున్నారు. ఎంపిక కాకపోతే రూ.300 ప్రాసెసింగ్ ఫీజు పోను మిగతాది 21 రోజుల్లో తిరిగి ఇస్తామని నిబంధనల్లో రాశారు. నెల దాటినా పైసా రాలేదు. నాకంటే నెమ్మదిగా పరుగెత్తే మా సహోద్యోగికి చోటు దొరికింది. విరాళాలు సేకరించినవారికీ, కంపెనీ జట్లకూ డ్రాతో పని లేకుండానే చోట్లు ఇచ్చారు. ఈసారి తప్పక వస్తుందన్న ధీమాతో పలాస నుంచి రైలు టికెట్లు, అక్కడ లాడ్జీ గది ముందే బుక్ చేసుకున్నాను. ఇప్పుడు ఒకాయన తనకు వచ్చిన బిబ్‌ను (పరుగులో ఛాతీకి గుచ్చుకునే నంబరును) రూ.7,000కు ఇస్తానంటున్నాడు. నాకు చోటు ఇప్పించమని కోర్టును అడగవచ్చా? నష్టపరిహారం వస్తుందా? ఆ బిబ్ కొనుక్కోవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, చోటు ఇప్పించమని ఏ కోర్టూ ఆదేశించదు. మీ రూ.2,500 మాత్రం వెనక్కి రాబట్టుకోవచ్చు, దానికి మీరు పర్లాకిమిడి, శ్రీకాకుళం దాటి వెళ్లనక్కర్లేదు. బిబ్ కొనే ఆలోచన ఈ పూటే మానేయండి. మూడు ప్రశ్నలకూ జవాబు ఇంతే. కారణాలు తెలియకపోతే రేపు ఇంకెవరో ఇంకో మాట చెబితే మీ మనసు మారుతుంది కనుక వివరంగా చెబుతాను.

‘రిజిస్ట్రేషన్లు ప్రారంభం’ అని నిర్వాహకులు ప్రకటిస్తే అది మీకు చోటు ఇస్తామన్న వాగ్దానం కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం లెక్కలో అది ప్రతిపాదనలు పంపమన్న పిలుపు మాత్రమే. దరఖాస్తు నింపి పంపినప్పుడు ప్రతిపాదన చేసింది మీరు. ఎంపికయ్యారని వాళ్లు తెలియజేస్తేనే అంగీకారం, అప్పుడే ఒప్పందం పుడుతుంది. టెండరు నోటీసు చూసి కాంట్రాక్టర్లు ధరలు వేస్తారు. పని దక్కని కాంట్రాక్టరు ‘నోటీసు ఇచ్చారు కాబట్టి పని నాకే ఇవ్వాలి’ అంటే చెల్లదు కదా, ఇదీ అంతే. మీ విషయంలో అంగీకారం రాలేదు. లేని ఒప్పందాన్ని అమలు చేయమని అడగలేం.

ఏటా దరఖాస్తు చేశానన్నారు. మీ బాధ అర్థమవుతుంది, కానీ డ్రాకు గుర్తుంచుకునే గుణం లేదు. నిరుడు రాని వారికి ఈసారి ముందు అవకాశం ఇస్తామని నిబంధనల్లో రాసి ఉంటే తప్ప పాత వైఫల్యాలు లెక్కలోకి రావు. లండన్ మారథాన్ 2026 పరుగుకు డ్రాలో దరఖాస్తు చేసినవారు 11 లక్షలకు పైమాటే. 2025లో అక్కడ పరుగు పూర్తిచేసినవారు 57 వేల లోపే. అందులో కూడా అందరూ డ్రాలో వచ్చినవారు కారు, స్వచ్ఛంద సంస్థల తరఫున పరుగెత్తినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పేరున్న పరుగు ఎక్కడైనా లెక్క ఇలాగే ఉంటుంది. లెక్కల మాస్టారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

సహోద్యోగి మీకంటే నెమ్మది అన్నది న్యాయంగా అనిపించే ఫిర్యాదే. కానీ డ్రా అంటేనే వేగం చూడకపోవడం. వేగం చూసే పరుగులు వేరే ఉన్నాయి. బోస్టన్ మారథాన్‌కు వయసును బట్టి నిర్దేశించిన సమయంలోపు మరో మారథాన్ పూర్తిచేసి ఉండాలి. అక్కడా సమయం సాధించిన ప్రతివారికీ చోటు దొరకదు. 2025 పరుగుకు నిర్దేశిత సమయం కంటే 6 నిమిషాల 51 సెకన్లు ముందు చేరినవారి వరకే తీసుకున్నారు. అర్హత సాధించి కూడా బయట నిలబడిన వేలమందితో పోలిస్తే మీ నిరాశ కొంత నయమే అనుకోండి.

విరాళాల చోట్లు, కంపెనీ జట్ల చోట్లు చట్టవిరుద్ధం కావు. నిర్వాహకులు ప్రైవేటు సంస్థ. రాజ్యాంగంలోని 14వ అధికరణం చెప్పే సమానత్వం ప్రభుత్వానికి వ్యతిరేకంగా అడిగే హక్కు. క్రికెట్ బోర్డు అంతటి సంస్థనే 12వ అధికరణం కింద ‘రాజ్యం’ కాదని 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పరుగు పందెం నిర్వాహకుల మీద హైకోర్టులో రిట్ వేస్తే మొదటి వాయిదాలోనే తిరుగుముఖం పడతారు. అయితే ఒక మెలిక ఉంది. చోట్లన్నీ డ్రా ద్వారానే అని దరఖాస్తు సమయంలో రాసి, తరువాత అందులో కొంత భాగం నేరుగా ఇచ్చేసి ఉంటే సంగతి వేరు. అది సేవ గురించి తప్పుడు మాట చెప్పడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. అందుకే మీరు దరఖాస్తు చేసిన రోజున నిబంధనల్లో ఏముందో చూడడం ముఖ్యం. ఇప్పుడు వెబ్‌సైటులో కనిపించేది అప్పటిదే అయి ఉండాలని లేదు. మీ ఈమెయిల్‌కు వచ్చిన ప్రతి ముందుగా వెతకండి.

ఇక డబ్బు. మీ ఉత్తరంలో అసలైన కేసు ఇదే, మీరేమో దాన్ని ఒక వాక్యంలో దాటేశారు. ఉచితంగా దరఖాస్తు చేసి ఉంటే మీరు వినియోగదారు కాదని వాళ్లు వాదించే వీలుండేది. ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టం కిందికి రాదు. డబ్బు ముందే కట్టించుకోవడంతో వాళ్లే ఆ దారి మూసుకున్నారు. 21 రోజుల్లో ఇస్తామని రాసి నెల దాటినా ఇవ్వకపోవడం సేవాలోపం. రూ.2,500, దాని మీద వడ్డీ, మీరు పడిన ఇబ్బందికి కొంత పరిహారం, ఖర్చులు అడగవచ్చు. పరిహారం లక్షల్లో వస్తుందని ఆశించకండి. ఇలాంటి వాటిలో కొన్ని వేలు వస్తే బాగా వచ్చినట్టే.

ప్రాసెసింగ్ ఫీజు రూ.300 ముందే చెప్పి తీసుకున్నారు కనుక దాన్ని తిరిగి రాబట్టడం కష్టం. నా అభిప్రాయం అడిగితే, రానివారందరి నుంచీ మినహాయించుకునే ఫీజు దరఖాస్తు పరిశీలనకు అయ్యే ఖర్చును మించి ఉంటే అది మరో ఆదాయ మార్గమే. కానీ దాన్ని ‘అనుచిత ఒప్పందం’ (వినియోగదారుకు ఏకపక్షంగా నష్టం చేసే షరతులున్న ఒప్పందం) అని పేరు పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయకండి. అనుచిత ఒప్పందాల మీద ఫిర్యాదులు వినే అధికారం చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఒడిశాలో అయితే కటక్ ప్రయాణం. రూ.300 కోసం కటక్ వెళ్లడం మీరు ఒప్పుకున్నా మీ ఇంట్లో ఒప్పుకోరు. ఫిర్యాదులో ఆ పదం అసలు వాడకుండా, రిఫండ్ ఇవ్వని సేవాలోపం అనే రాయించండి. కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన న్యాయవాదులు కూడా ఈ తేడా చూసుకోక ఫిర్యాదును వెనక్కి తెచ్చుకుంటుంటారు.

ఎక్కడ వేయాలన్నది సరిహద్దులో ఉండే తెలుగువారికి ఎప్పుడూ వచ్చే ప్రశ్న. రాయగడ, గుణుపురం, బరంపురం నుంచి ఉత్తరం రాసేవారు సమస్య కంటే ముందు ‘ఏ రాష్ట్రం కోర్టు?’ అని అడుగుతారు. 1986 నాటి పాత చట్టంలో ప్రతివాది ఉండే చోటికో, వివాద కారణం తలెత్తిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. కొత్త చట్టం సెక్షన్ 34 ఆ బాధ తీర్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట కానీ, జీవనోపాధికి స్వయంగా పనిచేసే చోట కానీ వేయవచ్చు. మీ ఇల్లు పర్లాకిమిడిలో, ఉద్యోగం పాతపట్నంలో. అంటే మీ ఊళ్లోనే ఉన్న గజపతి జిల్లా కమిషన్‌కూ వెళ్లవచ్చు, శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కూ వెళ్లవచ్చు. రెండింటిలో ఒకటే ఎంచుకోండి, రెండు చోట్లా వేస్తే రెండూ చెడతాయి.

నన్నడిగితే ఎంపిక ఇలా చేస్తాను. ఇంటి పక్కనే కావాలి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాగితాలు రాయించుకోగలరు అంటే పర్లాకిమిడి. మీ మాట తెలుగులో మీరే చెప్పుకోవాలనుకుంటే శ్రీకాకుళం. అక్కడ వేస్తే పాతపట్నంలో పనిచేస్తున్నట్టు పాఠశాల నుంచి ధ్రువపత్రం, జీతం జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. ప్రైవేటు పాఠశాలలు కొన్ని జీతం చేతికి ఇస్తాయి. మీది అలాంటిదైతే పర్లాకిమిడిలో ఆధార్ కార్డుతో పని సులువుగా అవుతుంది. ‘వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల పరిధిలోనే’ అని నిబంధనల్లో ఉందే అని కంగారు పడకండి. వినియోగదారుల చట్టం ఇచ్చే దారి మిగతా చట్టాలకు అదనం. మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నా కమిషన్‌కు వెళ్లే హక్కు పోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రూ.5 లక్షల లోపు ఫిర్యాదుకు కమిషన్‌లో రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. నా వృత్తికి ఇది చెప్పడం నష్టమే అయినా, రూ.2,500 కోసం వకీలు ఫీజు పెట్టుకోవద్దనే చెబుతాను. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చిన్న రిఫండ్‌లు చాలావరకు అక్కడే తేలిపోతాయి, కమిషన్ గడప ఎక్కే పని ఉండదు.

రైలు టికెట్లు, లాడ్జీ గది మాట. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి ఫలితం కోసం ఆగితే బెర్తు దొరకదని మీరు తొందరపడి ఉంటారు. అయినా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం పరిహారం ఒప్పందం ఉల్లంఘన వల్ల సహజంగా కలిగిన నష్టానికే. ఇక్కడ చోటు గురించి ఒప్పందమే లేదు. అది మీ ధీమా ఖర్చు, మీరే భరించాలి. టికెట్లు వెంటనే రద్దు చేసుకుంటే కోత తక్కువ పడుతుంది.

బిబ్ సంగతి గట్టిగా చెప్పాలి. బిబ్ అంటే ఛాతీ మీద పిన్నులతో గుచ్చుకునే నంబరు కాగితం మాత్రమే కాదు. చాలా పరుగుల్లో సమయం నమోదు చేసే చిప్ అందులోనే ఉంటుంది. తిరగేసి చూడండి, వెనుక పేరు, రక్తం గ్రూపు, అత్యవసరంలో ఫోను చేయాల్సిన నంబరు రాసుకునే గళ్లు ఉంటాయి. 35వ కిలోమీటరు దగ్గర మీరు కుప్పకూలితే వైద్యులు చూసేది ఆ గళ్లే. నమోదు వివరాలు తీస్తే మీ పేరుతో ఎవరూ లేరు. ఫోను వెళ్లేది ఆ అమ్మినాయన ఇంటికి. మీ భార్యకు కబురు చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందో ఊహించుకోండి. నిర్వాహకులు తీసుకునే బీమా సాధారణంగా నమోదైన వ్యక్తికే వర్తిస్తుంది. మీ కుటుంబానికి అందులో ఏమీ రాదు.

చట్టం వైపు చూసినా మంచి లేదు. బిబ్ బదిలీ చేయరాదన్న నిబంధన దాదాపు ప్రతి పెద్ద మారథాన్‌లోనూ ఉంటుంది. దొరికితే అనర్హత, తరువాతి ఏళ్లకు నిషేధం, ఇద్దరికీ. వేరొకరి పేరు చెప్పి గుర్తింపు కార్డు చూపించి బిబ్ తీసుకున్నా, ఆ పేరు మీద బహుమతి అందుకున్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 319 కింద, అంటే మరో వ్యక్తిగా నటించి మోసం చేశారని కేసు పెట్టే వీలుంటుంది. శిక్ష ఐదేళ్ల దాకా ఉండవచ్చు. ప్రతి కేసూ అంత దూరం పోదు, కానీ మాస్టారి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడమే చాలు. పైగా డబ్బు తీసుకుని అతను మాయమైతే, తెలిసి చేరిన మోసపు బేరంలో కట్టిన డబ్బు ఇప్పించమని సివిల్ కోర్టుకు వెళ్లలేరు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ఆ బేరాన్నే చెల్లదంటుంది. అతను ఇప్పటికే మీ దగ్గర బయానా తీసుకుని ఫోను ఎత్తకపోతే మాత్రం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. సైబర్ మోసాల్లో మొదటి కొన్ని గంటల్లో చెబితేనే బ్యాంకులో డబ్బు ఆపగలరు.

డ్రా ఎలా తీశారో సమాచార హక్కు చట్టం కింద అడగాలని ఉందా? ప్రైవేటు నిర్వాహకులు నేరుగా ఆ చట్టం కిందికి రారు. కానీ అనుమతి ఇచ్చిన పోలీసు శాఖ వస్తుంది. ఎంతమందికి అనుమతి ఇచ్చారు, ఏ షరతులతో ఇచ్చారు అన్నది ఆ శాఖను అడగవచ్చు. చోట్ల సంఖ్య వెనుక రోడ్లు మూసే గంటలు, అంబులెన్సుల లెక్క ఉంటాయని ఆ కాగితంలో మీకే కనబడుతుంది.

మొదట చేయాల్సింది ఇది. నిర్వాహకుల కార్యాలయ చిరునామాకు ఒక పేజీ నోటీసు రాయండి. దరఖాస్తు సంఖ్య, డబ్బు కట్టిన తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు, 21 రోజుల నిబంధన, 15 రోజుల్లో ఖాతాలో జమ చేయమన్న కోరిక చాలు. బెదిరింపులు, పరుగు మీద మీ ప్రేమ గురించి పేరాలు అక్కర్లేదు. ఈమెయిల్‌లోనూ పంపండి, స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచండి. దరఖాస్తు నిబంధనల పేజీని, ‘ఎంపిక కాలేదు’ అన్న సందేశాన్ని తేదీ కనబడేలా ముద్రించి పెట్టుకోండి. ఫిర్యాదు వేయడానికి గడువు వివాద కారణం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లు. అది మీకు 22వ రోజు నుంచే మొదలైంది.