బీచ్ రోడ్డు బజ్జీ బండి గేమ్‌కి ఈ రెండు కవర్లలో ఏది పెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా: వైజాగ్ బీచ్ రోడ్డు మీద సాయంత్రం పూట బజ్జీల బండి నడిపే చిన్న సిమ్యులేషన్ గేమ్, పేరు ‘బజ్జీ బండి’. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో పెట్టబోతున్నారు. కవర్ రెండు రకాలుగా గీయించారు. మొదటిదాంట్లో సముద్రంలోకి దిగుతున్న సూర్యుడు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, పక్కన కుర్సుర సబ్‌మెరైన్, ఇసుక అంచున చిన్నగా బండి. రెండోదాంట్లో బండి దగ్గరగా, మూకుడు ముందు జల్లిగరిట పట్టుకున్న అమ్మాయి. టీమ్‌లో అందరికీ మొదటిదే నచ్చింది, ఏది పెట్టమంటారు?

రెండోదే పెట్టండి. అలాగని మొదటిది పారేయకండి, దానికి వేరే చోటుంది, కింద చెప్తాను.

మీరు రెండు బొమ్మల్నీ పెద్ద మానిటర్ మీద, తెర నిండా చూసి తూకం వేస్తున్నారు. కొనేవాళ్లకి ఆ అవకాశం లేదు. స్టోర్‌లో గేమ్‌కి కనబడే కవర్ బొమ్మని క్యాప్సూల్ అంటారు. చిన్న క్యాప్సూల్‌ని స్టీమ్ 462×174 పిక్సెళ్లలో తీసుకుంటుంది, జాబితాల్లో మాత్రం 231×87కో, 184×69కో, వెతికినప్పుడు వచ్చే వరసలో 120×45కో కుదించి చూపిస్తుంది. 120×45 అంటే బొటనవేలి గోరంత. ఆ గోరంత చోట్లో గేమ్ పేరు చదవగలగాలి, ఇది తిండి అమ్మే గేమ్ అని తెలియాలి. ఇంకేదీ అక్కడ పట్టదు.

మొదటి బొమ్మ అక్కడే ఓడిపోతుంది. కుర్సుర పొడవు సుమారు 91 మీటర్లు, తోపుడు బండి రెండు మీటర్లు ఉంటుందేమో. సబ్‌మెరైన్ మొత్తం ఫ్రేములో పట్టాలంటే, 462 పిక్సెళ్ల వెడల్పులో దానికి 400 ఇచ్చామనుకోండి, అదే దూరంలో ఉన్న బండికి దక్కేది తొమ్మిది పిక్సెళ్లు. బండిని ముందుకు జరిపి గీసినా మీ చిత్రంలో అది ముప్పై దాటలేదు. కుదించాక అదో మచ్చ. పైగా వైజాగ్ తెలిసినవాళ్లకే అది సబ్‌మెరైన్, మిగతావాళ్లకి నల్లటి గొట్టం. బజ్జీలమ్మే గేమ్‌లో గొట్టం ఎందుకుందో వాళ్లకి అర్థం కాదు.

ఇంకో సంగతి, ఇది మన ఊరివాళ్లెవరైనా వెంటనే పట్టేస్తారు. వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, ఊరి వైపు కుంకుతాడు. సముద్రం మీద ఎర్రటి బింబం గీస్తే అది తెల్లవారుజాము. తెల్లవారుజామున మిరపకాయ బజ్జీల బండి పెట్టేవాళ్లెవరు? గేమ్ అంతా సాయంత్రం అయినప్పుడు కవర్ మీద పొద్దున వెలుగు ఉండకూడదు.

రంగుల విషయానికొస్తే, నారింజ ఆకాశం ముందు వేగిన బజ్జీ పెడితే బజ్జీ మాయమైపోతుంది. రెండిటి రంగు ఒకటే, వెలుగూ దాదాపు ఒకటే. బొమ్మని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి, బండి, అమ్మాయి, ఆకాశం అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతే కవర్ పనిచేయదు. రెండోదాంట్లో పొద్దు వాలాక వచ్చే నీలి వెలుతురు వేశారు, బండి బల్బు వెలుగులో శనగపిండి రంగు దాని మీద బాగా లేస్తోంది. అయితే అక్కడో చిక్కుంది. స్టీమ్ పేజీ నేపథ్యమే ముదురు నీలం. మీ బొమ్మ అంచులూ ముదురు నీలమైతే కవర్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి ఆనదు. బండి మీద పసుపు టార్పాలిన్ వేసి దాన్ని పై అంచు పొడవునా సాగదీయండి. నీలం నీలంగానే ఉంటుంది, అంచు తెగి కనబడుతుంది.

రెండోదాంట్లో దిద్దాల్సినవి ఇంకా ఉన్నాయి. అమ్మాయి కెమెరా వైపు చూసి నవ్వుతోంది, చేతిలో జల్లిగరిట ఖాళీగా ఉంది. చూపు మూకుడు మీదికో, పొట్లం అందుకునే చేతి మీదికో తిప్పించండి, జల్లిగరిటలో రెండు బజ్జీలు ఉంచండి. క్యాజువల్ సిమ్యులేషన్ కొనేవాళ్లు వెతికేది ఒక పని, ఆ పని కవర్ మీద జరుగుతూ ఉండాలి. ఇప్పుడున్న బజ్జీలు గోధుమరంగు ముద్దల్లా ఉన్నాయి. మన రాష్ట్రం దాటితే వాటిని చికెన్ ముక్కలనుకుంటారు. మిరపకాయ బజ్జీని పొడుగ్గా, చివర ఆకుపచ్చ తొడిమ బయటికి వచ్చేలా గీయించండి. ఒకదాన్ని నిలువుగా చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి ముందు పెట్టండి. ఆ తొడిమ పచ్చదనం చిన్న సైజులో కూడా చుక్కలా కనబడుతుంది, తినే వస్తువని చెప్పేది అదే. నూనె ఆవిరి మాత్రం తగ్గించండి, కుదించినప్పుడు అది పొగమంచులా పరుచుకుని పేరుని కప్పేస్తోంది.

పేరు గురించి. తెలుగు అక్షరాలకి పైన గుడి, కింద వత్తు. ‘జ్జీ’లో రెండూ ఉన్నాయి. 45 పిక్సెళ్ల ఎత్తులో ‘జ్జ’ కింది వత్తు పక్క అక్షరంతో అతుక్కుపోతుంది. చిన్న క్యాప్సూల్‌లో ఇంగ్లీషు అక్షరాల పేరు పెట్టి, అది చట్రం దాదాపు నిండేలా చేయండి, అక్కడ బొమ్మ కన్నా పేరే ముఖ్యం. తెలుగు పేరు పెద్ద సైజులకి, చిన్న టీమ్‌ల గేములు పెట్టే ఇచ్ (itch.io) సైటులోని 630×500 కవర్‌కి వాడుకోండి. సన్నటి ఫాంట్ వద్దు. నీడ మెత్తగా కాకుండా గట్టి అంచుతో వేయండి. పేరు మొదటి అక్షరాన్ని ఎడమ పై మూలకి నొక్కకండి, గేమ్‌ని విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లకి ఆ మూలన చిన్న పట్టీ పడుతుంది.

ఒకే బొమ్మని అన్ని సైజులకీ కత్తిరించకండి. హెడర్ 920×430, మెయిన్ క్యాప్సూల్ 1232×706 అడ్డంగా ఉంటాయి కాబట్టి అమ్మాయి ఒక పక్క, పేరు ఒక పక్క సరిపోతుంది. నిలువు క్యాప్సూల్ 748×896, కొన్నవాళ్ల గేముల జాబితాలో (లైబ్రరీలో) కనబడే లైబ్రరీ క్యాప్సూల్ 600×900. వీటికి పేరు పైన, ముఖం మధ్యలో, మూకుడు కింద వచ్చేలా కూర్పు మార్చాలి. ఆర్టిస్టుని ఆకాశం, సముద్రం, బండి, మనిషి, పేరు వేర్వేరు లేయర్లుగా ఇవ్వమని ముందే అడగండి. అన్నీ ఒకే లేయర్‌గా కలిపేసిన ఫైలు తీసుకుంటే నిలువు సైజు దగ్గర మళ్లీ డబ్బులు పెట్టి గీయించుకోవాల్సొస్తుంది.

మొదటి చిత్రం చోటు ఇదే: లైబ్రరీ హీరో, అంటే లైబ్రరీలో గేమ్ పేజీ పైన పరుచుకునే వెడల్పాటి బొమ్మ, 3840×1240. అక్కడ అక్షరాలు ఉండకూడదు, పేరు విడిగా పారదర్శక పీఎన్‌జీగా ఇస్తారు. మధ్యలో 860×380 భాగం మాత్రం ఏ తెర మీదైనా కనబడుతుంది కాబట్టి బండి అందులో ఉండాలి. డాల్ఫిన్స్ నోస్, సబ్‌మెరైన్, అలలు అన్నీ రెండు పక్కలా హాయిగా పరుచుకుంటాయి. సూర్యుణ్ణి తీసేసి లైట్‌హౌస్ దీపం వెలిగించండి చాలు.

మొదటి కవర్ మూలన ‘త్వరలో’ అని చిన్న స్టిక్కర్ వేశారు, అది తీసేయాలి. 2022 సెప్టెంబర్ నుంచి స్టీమ్ క్యాప్సూళ్ల మీద చిత్రం, గేమ్ పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. రేటింగులు, అవార్డులు, తగ్గింపు మాటలు అన్నీ నిషిద్ధమే. బండి పక్క గోడ మీద కూల్‌డ్రింక్ బోర్డు, హీరో పోస్టరు కూడా తుడిచేయండి, అవి వేరేవాళ్ల సొత్తు.

గేమ్ లోపల త్రీడీ, ఫస్ట్ పర్సన్ (ఆడేవాళ్ల కళ్లతోనే చూసే తరహా) అని కూడా చెప్పారు. కవర్ నీటిరంగుల చిత్రంలా మరీ సుకుమారంగా ఉంటే, వ్యవసాయం, ఊరి కబుర్ల తరహా గేమ్ కోరుకునేవాళ్లు వస్తారు, పది నిమిషాల్లో తప్పు చోటికి వచ్చామని గ్రహిస్తారు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. చిన్న గేమ్‌కి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. మూకుడు, బండి చక్రాలు గేమ్‌లో ఉన్న మోడల్‌నే పోలి ఉండేలా గీయించండి.

దిద్దాక ఇలా పరీక్షించండి. స్టీమ్‌లో సిమ్యులేషన్ ట్యాగ్ తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, ఒక గేమ్ బొమ్మ మీద మీది అదే కొలతలో అతికించండి. గేమ్ గురించి తెలియనివాళ్లకి ఫోన్‌లో రెండు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. ‘బాగుందా?’ అని అడక్కండి, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ‘ఈ గేమ్‌లో ఏం పని చేస్తారు?’ అని అడగండి. ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) కుర్రాళ్లతో పాటు వైజాగ్ ఎప్పుడూ చూడనివాళ్లనీ అడగాలి, బజ్జీ అంటే తెలియనివాళ్లు చెప్పే జవాబే ఎక్కువ పనికొస్తుంది. ‘వంట’, ‘అమ్మకం’ అనే మాటలు రాకపోతే మళ్లీ మూకుడు దగ్గరికే వెళ్లండి.

పేజీ పెట్టాక, గేమ్ చేసినవాళ్ల కోసం స్టీమ్ నడిపే స్టీమ్‌వర్క్స్ సైటులోని ట్రాఫిక్ నివేదికలో కవర్ ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది పేజీకి వచ్చారు అనేవి చోటు వారీగా ఉంటాయి. కవర్ మార్చితే ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఒకే చోటి అంకెలు పోల్చండి. మధ్యలో సేల్ గానీ, నెక్స్ట్ ఫెస్ట్ (రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే పండగ) గానీ పడితే ఆ పోలిక వదిలేసి, అది అయిపోయాక మళ్లీ మొదలుపెట్టండి.