పూడిక తీశారు సరే, ఆ మట్టి ఏదండీ?

ప్రశ్న: సార్ నమస్తే. మాది వైజాగ్‌లో ఒక 60 ఇళ్ల కాలనీ, పక్కనే గెడ్డ, అంటే నీళ్లు పారే పెద్ద కాలవ. ప్రతి ఎండాకాలం పూడిక తీశాం అంటారు, తీసిన కాస్త బురదా అక్కడే గట్టు మీద పోసి పోతారు, మొదటి గట్టి వానకి అదంతా మళ్లీ గెడ్డలోకే జారిపోయి నీళ్లు మా మెట్ల దాకా వచ్చేస్తాయి. రెండేళ్లలో పదకొండు వినతి పత్రాలు ఇచ్చాం. యాప్‌లో కంప్లయింట్ పెడితే పరిష్కారమైంది అని మెసేజ్ వస్తుంది, కింద ఫొటో కూడా పెడతారు, తీరా చూస్తే అది మా గెడ్డే కాదు! ఇప్పుడు మీటింగ్ పెడితే మాలో మాకే కొట్లాట. కుర్రాళ్లు గాంధీ బొమ్మ దగ్గర ధర్నా అంటారు, పెద్దాళ్లు ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్దాం అంటారు, ఇంకొందరు 'ఎందుకొచ్చిన గొడవ, వాళ్లు టేపు పట్టుకుని కొలతలకి వస్తే పర్మిషన్ లేని మన పెంట్‌హౌస్‌ల సంగతేటి' అంటారు. ఏటి చెయ్యమంటారు?
- ఒక అసోసియేషన్ సెక్రటరీ (ఏరియా పేరు, ఆఫీసు పేరు మేమే తీసేశాం)

జవాబు: సెక్రటరీ గారూ, మీ మీటింగ్‌లో ఉన్నమాట పైకి అనేసింది ఆ పెంట్‌హౌస్ వాళ్లే. చాలా అసోసియేషన్లు నోరు మూసుకునేది అక్కడే, ఎవరూ ఒప్పుకోరు అంతే. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ పదకొండు వినతి పత్రాలు ఒకసారి తీసి చదవండి. 'దయచేసి పూడిక తీయించగలరు' అనే కదా రాసి ఉంటారు? వాళ్ల కాగితాల్లో పూడిక ఎప్పుడో తీసేశారండీ, బహుశా బిల్లు కూడా అయిపోయి ఉంటుంది. అయిపోయిన పని చెయ్యమని అడుగుతుంటే మీ కాగితం ఎవరు పట్టించుకుంటారు? 'తీశారు కదా, ఎంత తీశారో చూపించండి' అని అడగాలి.

పూడికతీత కాంట్రాక్టు పనైతే దానికి ఒక ఎస్టిమేట్ ఉంటుంది, వర్క్ ఆర్డర్ ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎం-బుక్ ఉంటుంది, అంటే ఇంజనీరు కొలతలు రాసి సంతకం పెట్టే పుస్తకం, ఎంత పొడవు ఎంత వెడల్పు ఎంత లోతు తీశారు, మొత్తం ఎన్ని క్యూబిక్ మీటర్లు అని, బిల్లు నడిచేది దాని మీదే. అన్ని క్యూబిక్ మీటర్ల మట్టి నిజంగా తీసి ఉంటే దాన్ని ఎక్కడికో తోలాలి కదా, మరి ఎన్ని ట్రిప్పులు తోలారు, ఎక్కడ పోశారు? గట్టు మీద ఉన్నది ఎంతో మీ కళ్లకి కనపడుతూనే ఉంది. ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం-బుక్, మట్టి తోలిన ట్రిప్పుల లెక్క, ఈ నాలుగు కాగితాలూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2005 చట్టం అది, కొత్తదేం కాదు, కానీ మనవాళ్లు దాన్ని 'ఎందుకు చెయ్యలేదో కారణం తెలపండి' అని అడగడానికి వాడతారు, దానికి జవాబు రాదు, వచ్చినా పనికిరాదు. కాగితం కాపీ ఇవ్వండి అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

అప్లికేషన్ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద పెట్టకండి. ఆ హక్కు పౌరుడిది, సంఘం పేరుతో పెడితే దాన్నే సాకు చేసి తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఒక మనిషి పేరుతో పెట్టండి. ఇప్పుడు పెంట్‌హౌస్ భయం సంగతి, మీ కాలనీలో అద్దెకున్న ఒక రిటైర్డ్ మాస్టారో బ్యాంకు ఆయనో ఉంటారు కదా, ఆయన చేత పెట్టించండి, సొంత ఇల్లే లేని మనిషి దగ్గరికి టేపు పట్టుకుని ఎవరొస్తారు! ఎందుకు కావాలో కారణం రాయక్కర్లేదు. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటించినా సరిపోతుంది. జవాబుకి గడువు 30 రోజులు, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపితే సమాచార అధికారికి రోజుకి 250 చొప్పున 25 వేల దాకా జరిమానా పడొచ్చు, అదీ ఆయన జేబులోంచే. కమిషన్ దాకా వెళ్తే ఆలస్యం అవుతుంది, ఆ మాట ముందే చెప్తున్నాను, కానీ చాలాసార్లు మొదటి అప్పీలుకే కదలిక వస్తుంది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, అదే చట్టంలో సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు, మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. అందుకని వానలయ్యాక కాదు, ఫిబ్రవరి మార్చిల్లోనే మొదలుపెట్టండి. పూడికతీతకి ముందు రోజు ఒక వెదురు కర్రకి అడుగుల గుర్తులు పెట్టి గెడ్డలో నాలుగు చోట్ల దించి ఫొటో తియ్యండి, అయ్యాక అవే చోట్ల మళ్లీ తియ్యండి. ఎం-బుక్‌లో నాలుగడుగులు అని ఉండి మీ కర్ర అడుగున్నర చూపిస్తే ఇక మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు.

ఆ కాగితాలూ ఫొటోలూ చేతిలో పెట్టుకుని సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లండి, రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. కార్పొరేటర్, ఎమ్మెల్యే దగ్గరికి వద్దనను, ఒక కాపీ వాళ్లకీ ఇవ్వండి, కానీ మొత్తం వాళ్ల మీదే పెట్టుకోకండి. మన ఊళ్లో 2012లో పాత కౌన్సిల్ గడువు అయిపోయాక 2021 మార్చిలో ఎన్నికలు జరిగేదాకా తొమ్మిదేళ్లు అసలు కార్పొరేటరే లేడు, గుర్తుందా? జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న ఊళ్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలో 243ఎస్ అనే అధికరణలో రాసి ఉంది, 1993 నుంచి అమల్లో ఉన్న మాట. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో, చివరి మీటింగ్ ఎప్పుడు జరిగిందో అది కూడా ఆ మాస్టారి చేతే అడిగించండి, సరదాగా ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే పర్మనెంట్ లోక్ అదాలత్‌కి వెళ్లండి, ప్రజలకి అందే సేవల మీద గొడవలు తేల్చే చోటు అది. నీటి సరఫరా, పారిశుధ్యం లాంటివి దాని పరిధిలోకే వస్తాయి, కోర్టు ఫీజు లేదు. 'నిధుల్లేవండీ' అంటారు, ఆ మాటకి భయపడకండి. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్లో మురుగు కాలవల కంపు భరించలేక జనం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తే మున్సిపాలిటీ సుప్రీం కోర్టు దాకా వెళ్లి మా దగ్గర డబ్బుల్లేవు అంది, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదని తేల్చేశారు. మీలాంటి కాలనీ వాళ్లే వాళ్లూ.

ధర్నా అంటారా, కాగితాలు వచ్చాక చెయ్యండి. ఇప్పుడు చేస్తే పేపర్లో ఫొటో పడుతుంది, గెడ్డ అలాగే ఉంటుంది. ఎం-బుక్ కాపీ పెద్ద ఫ్లెక్సీ కొట్టించి దాని పక్కన నిలబడండి, అప్పుడు చూద్దాం.

ప్రశ్న: పనులు చేసేదాకా ఇంటి పన్ను కట్టం అని మా అపార్ట్‌మెంట్‌లో తీర్మానం చేద్దాం అనుకుంటున్నాం, కరెక్టేనా?

జవాబు: వద్దమ్మా. బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది, పైగా 'మీరే బకాయిదారులు' అని అవతలివాళ్ల చేతికి మాట ఇచ్చినట్టు అవుతుంది. ఏప్రిల్ 30లోపు ఏడాదిది మొత్తం కట్టేసి 5 శాతం రాయితీ తీసుకుని ఆ రసీదు చేత్తో పట్టుకుని పోట్లాడండి. పన్నే తప్పు అనిపిస్తే దాని మీదే నేరుగా పోరాడొచ్చు. 2021లో చెత్తకి యూజర్ చార్జీలు పెట్టినప్పుడు ఊరంతా గోల చేసింది, 2024లో ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది.

ప్రశ్న: మా అసోసియేషన్‌కి రిజిస్ట్రేషన్ లేదు, తప్పనిసరా?

జవాబు: ఫిర్యాదు చెయ్యడానికి అక్కర్లేదు, బ్యాంకు ఖాతాకి, కోర్టులో సంఘం పేరుతో నిలబడటానికి మంచిది. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. అంతకంటే ముందు ఒక పని చెయ్యండి, పాత వినతి పత్రాలన్నీ ఒక్క ఫైల్లో పెట్టండి, ఎందుకంటే సెక్రటరీ మారినప్పుడల్లా అవి పాత సెక్రటరీ గారి అటక మీదే ఉండిపోతాయి, కొత్తాయన మళ్లీ ఒకటో నంబరు వినతి పత్రం నుంచి మొదలుపెడతాడు.